ఐదుసార్లు రెండవ స్థానం: ఒక అమెరికన్ రాక్ బృందం చరిత్ర

రాక్ సంగీతం అనగానే మనలో చాలామందికి పొడవు జుట్టు, చెవులు చిల్లులు పడే ధ్వని మాత్రమే స్ఫురిస్తాయి. ఆ ధ్వని వెనుక ఒక వాణిజ్య వ్యవస్థ, కొన్ని ఒప్పంద పత్రాలు కూడా ఉన్నవి. వాటిని ఒక బృందం చరిత్ర ద్వారా వివరించడం మా ఉద్దేశం.

రాక్ బృందాలు సాధారణంగా రెండు విధాలుగా ఏర్పడతాయి. వ్యాపారులు ఎంపిక చేసి కూర్చేవి కొన్ని. 1966లో టెలివిజన్ ధారావాహిక కోసం కూర్చిన 'మంకీస్' అటువంటిది. ఆ ఏడాదే వారి పాట అమెరికాలో ప్రథమ స్థానం పొందింది కనుక ఈ పద్ధతిని తేలికగా తీసివేయలేము. సహాధ్యాయుల స్నేహంలో నుండి పుట్టేవి మరికొన్ని. 'క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్' ఈ కోవకు చెందినది.

కాలిఫోర్నియాలోని ఎల్ సెరిటో పట్టణంలో జాన్ ఫోగర్టీ, స్టూ కుక్, డగ్ క్లిఫర్డ్ ఒకే పాఠశాలలో చదువుకున్నారు. 1959లో 'బ్లూ వెల్వెట్స్' పేరుతో వాయించడం ప్రారంభించారు. తరువాత జాన్ అన్నగారైన టామ్ వారితో కలిశాడు. 1964లో ఫాంటసీ అనే రికార్డుల కంపెనీలో చేరగా, ఆ కంపెనీవారు వారికి 'గాలివాగ్స్' అని పేరు పెట్టారు. ఆ పేరు వారికి రుచించలేదు, అయినా కొన్నేళ్లు భరించారు. 1968లో కొత్త పేరుతో వెలువడిన 'సూజీ క్యూ' పాట పట్టికలో 11వ స్థానానికి చేరింది. ఒక్కసారిగా వచ్చినట్లు కనిపించిన ఆ కీర్తి వెనుక తొమ్మిదేళ్ల సాధన ఉన్నది.

1969లో ఈ బృందం ఏకంగా మూడు ఆల్బములు వెలువరించింది. 1969, 1970 సంవత్సరాలలో 'ప్రౌడ్ మేరీ' మొదలుకొని వీరి ఐదు రికార్డులు రెండవ స్థానం వరకు వెళ్లి ఆగిపోయాయి. ప్రథమ స్థానం ఒక్కసారి కూడా దక్కలేదు.

దీనికి కారణం తెలియాలంటే పట్టిక స్వభావం తెలియాలి. 'బిల్‌బోర్డ్' పత్రిక 1958 ఆగస్టు నుండి వారం వారం వంద పాటల పట్టిక ప్రకటిస్తున్నది. రికార్డు దుకాణాలవారు చెప్పిన అమ్మకాలు, రేడియో కేంద్రాలు పంపిన జాబితాలు అప్పట్లో దానికి ఆధారం. అమ్మకాలను యంత్రాలతో లెక్కించే పద్ధతి ఈ పట్టికకు 1991లో గాని రాలేదు. పైగా స్థానం సాపేక్షం. ఎంత అమ్మినా, ఆ వారం మరొకటి ఎక్కువ ఆదరణ పొందితే రెండవ స్థానమే. 1969లో 'గ్రీన్ రివర్' పాటను నిలువరించినది 'షుగర్, షుగర్'. దానిని పాడినట్లు చెప్పిన 'ఆర్చీస్' బృందం కార్టూన్ బొమ్మల సమూహం. పాడినవారు స్టూడియో గాయకులు! పదేళ్లు చెమటోడ్చిన నలుగురిని, లేని బృందం ఓడించడం మాకు వింతగా తోచింది.

అయితే అసలు నష్టం పట్టికలో కాదు, ఒప్పందంలో జరిగింది. యువకులుగా చేసిన సంతకాల వలన జాన్ వ్రాసిన పాటల ప్రచురణ హక్కులు కంపెనీపరమైనాయి. అన్నదమ్ములకు పొసగక టామ్ 1971లో వైదొలిగాడు. 1972లో బృందమే విడిపోయింది. ఒప్పందం నుండి విముక్తి కోసం జాన్ ఆ పాత రికార్డులపై తనకు రావలసిన రాయల్టీని సైతం వదులుకున్నాడు.

ఇంతటితో ఆగలేదు. 1985 నాటి అతని పాట, అతడే 1970లో వ్రాసిన పాటకు నకలని కంపెనీ దావా వేసింది. తన పాటను తానే దొంగిలించాడన్నమాట! 1988లో జాన్ గిటారుతో సాక్షి బోనెక్కి, తాను పాట కట్టే తీరు వాయించి చూపాడు. జ్యూరీ అతని పక్షాన తీర్పు చెప్పింది. న్యాయవాది ఖర్చుల వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లగా, కాపీరైటు దావాలలో గెలిచిన ప్రతివాదికి కూడా వాదితో సమానమైన ప్రమాణమే వర్తించాలని 1994లో ఆ న్యాయస్థానం నిర్ణయించింది.

2004లో ఫాంటసీ కంపెనీ 'కాంకర్డ్' సంస్థ చేతికి వచ్చిన తరువాత రాయల్టీ మళ్లీ అందసాగింది. ప్రచురణ హక్కులలో అధిక భాగాన్ని జాన్ ఫోగర్టీ 2023లో, 77వ ఏట, తిరిగి కొనుక్కున్నాడు.