సమాంతర నిరోధక–కెపాసిటర్ వలయంలో విలువలను కనుక్కోవడం

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు కింది పనులు చేయగలుగుతారు.

• వోల్టేజి, విద్యుత్ ప్రవాహం, పవర్ కొలతల నుంచి సమాంతర వలయంలోని నిరోధాన్ని, కెపాసిటెన్స్‌ను లెక్కకట్టడం.
• ఏ కొలత ఏ విలువను సరిగా చెప్పలేదో గుర్తించడం.
• ఉత్సర్గ కాలం నుంచి నిరోధాన్ని కనుక్కోవడం.

1. పరిచయం

హైదరాబాద్ నుంచి శంషాబాద్ వెళ్లే బెంగుళూరు రహదారి మీద గగన్‌పహాడ్ పారిశ్రామిక వాడ ఉంది. ఇలాంటి వాడల్లోని షెడ్లలో ఇండక్షన్ మోటార్లు నడుస్తుంటాయి. మోటారు తీసుకొనే విద్యుత్ ప్రవాహం వోల్టేజి కంటే దశలో వెనకబడి ఉంటుంది. ఈ లోటును పూరించి పవర్ ఫ్యాక్టర్‌ను పెంచడానికి ప్యానెల్‌లో కెపాసిటర్లను అమరుస్తారు.

అలాంటి కెపాసిటర్ కొనల మధ్య ఒక చిన్న నిరోధకం కూడా ఉంటుంది. సరఫరా ఆపిన తరవాత కెపాసిటర్‌లో మిగిలిన ఆవేశాన్ని ఖాళీ చేయడమే దాని పని. అంటే మనం చదవబోయే సమాంతర వలయం ఆ ప్యానెల్‌లోనే ఉంది. ఆ నిరోధకం తెగిపోతే స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్ ఆవేశంతో నిలిచి ఉంటుంది. ప్యానెల్ తెరిచి చెయ్యి పెట్టిన ఎలక్ట్రీషియన్‌కు అది ప్రాణాపాయం.

2. మూడు కొలతల పద్ధతి

శ్రేణి వలయంలో రెండు భాగాలకూ విద్యుత్ ప్రవాహం ఒకటే. సమాంతర వలయంలో వోల్టేజి ఒకటే. ప్రవాహం రెండు శాఖలుగా చీలుతుంది. నిరోధకంలోని ప్రవాహం వోల్టేజితో ఒకే దశలో ఉంటుంది. కెపాసిటర్‌లోని ప్రవాహం వోల్టేజి కంటే 90 డిగ్రీలు ముందుంటుంది. కాబట్టి ఈ రెండింటినీ మామూలుగా కూడరాదు. లంబకోణ త్రిభుజంలో భుజాలలాగా కూడాలి:

(మొత్తం ప్రవాహం)² = (నిరోధక ప్రవాహం)² + (కెపాసిటర్ ప్రవాహం)²

ఆదర్శ కెపాసిటర్ సగటున పవర్‌ను ఖర్చు చేయదు. అందువల్ల వాట్‌మీటర్ చూపే పవర్ అంతా నిరోధకానిదే.

ఉదాహరణ 1: 230 వోల్టులు, 50 హెర్ట్జ్ సరఫరాకు కలిపిన సమాంతర వలయంలో అమ్మీటర్ 0.5 ఆంపియర్, వాట్‌మీటర్ 69 వాట్లు చూపాయి. నిరోధం, కెపాసిటెన్స్ ఎంత?

సాధన:
నిరోధక ప్రవాహం = 69 ÷ 230 = 0.3 ఆంపియర్
కెపాసిటర్ ప్రవాహం = √(0.5² − 0.3²) = 0.4 ఆంపియర్
నిరోధం = 230 ÷ 0.3 = 767 ఓమ్‌లు
కెపాసిటర్ ప్రతిరోధం = 230 ÷ 0.4 = 575 ఓమ్‌లు
కోణీయ పౌనఃపున్యం = 2 × 3.14 × 50 = 314
కెపాసిటెన్స్ = 1 ÷ (314 × 575) = 5.54 మైక్రోఫారడ్‌లు

సరిచూసుకోండి: మొత్తం అవరోధం 230 ÷ 0.5 = 460 ఓమ్‌లు. ఇది 767 కంటే, 575 కంటే కూడా తక్కువ. సమాంతర వలయంలో ఎప్పుడూ ఇలాగే ఉండాలి. మీ జవాబులో అవరోధం ఏ ఒక్క శాఖ విలువ కంటే ఎక్కువ వచ్చినా, మీరు శ్రేణి వలయ సూత్రాన్ని వాడారని అర్థం.

3. ఈ పద్ధతి ఎక్కడ విఫలమవుతుంది?

ఉదాహరణ 2: 415 వోల్టులు, 50 హెర్ట్జ్ వద్ద ఒక కెపాసిటర్ 5 ఆంపియర్లు తీసుకొంటుంది. దాని కొనల మధ్య 1 మెగాఓమ్ ఉత్సర్గ నిరోధకం ఉంది.

కెపాసిటర్ ప్రతిరోధం 415 ÷ 5 = 83 ఓమ్‌లు. కెపాసిటెన్స్ 1 ÷ (314 × 83) = 38.4 మైక్రోఫారడ్‌లు. నిరోధకంలోని ప్రవాహం 415 ÷ 10,00,000 = 0.000415 ఆంపియర్ మాత్రమే. దీన్ని 5 ఆంపియర్లతో లంబంగా కూడితే మొత్తం సుమారు 5.00000002 ఆంపియర్లు. ఏ ప్యానెల్ అమ్మీటర్ కూడా ఈ తేడాను చూపదు. నిరోధకం ఖర్చు చేసే పవర్ 0.17 వాట్ మాత్రమే కాబట్టి వాట్‌మీటర్ కూడా పనికిరాదు.

దీని భావాన్ని జాగ్రత్తగా గమనించండి. నిరోధకం బాగున్నా, తెగిపోయినా అమ్మీటర్ 5 ఆంపియర్లే చూపుతుంది. ఒక శాఖలోని ప్రవాహం రెండోదానితో పోలిస్తే అతి స్వల్పమైనప్పుడు, మొత్తం ప్రవాహం నుంచి ఆ శాఖ విలువను రాబట్టలేం.

4. ఉత్సర్గ కాలం పద్ధతి

సరఫరా తీసేశాక కెపాసిటర్‌కు మిగిలే దారి ఆ నిరోధకం ఒక్కటే. నిరోధం, కెపాసిటెన్స్‌ల లబ్ధమే కాల స్థిరాంకం. అంత కాలంలో వోల్టేజి తొలి విలువలో 36.8 శాతానికి పడిపోతుంది.

మన కెపాసిటర్‌కు కాల స్థిరాంకం 38.4 సెకన్లు. సరఫరా ఆపిన క్షణంలో దానిమీద శిఖర వోల్టేజి 415 × 1.414 = 587 వోల్టుల వరకు ఉండవచ్చు. అల్ప వోల్టేజి పవర్ కెపాసిటర్లకు వర్తించే ఐ.ఇ.సి. 60831-1 ప్రమాణం ప్రకారం, ఇది 3 నిమిషాల్లో 75 వోల్టులకు లేదా అంతకంటే తక్కువకు దిగాలి. 587 ÷ 75 = 7.83, దీని సహజ సంవర్గమానం 2.06. కాబట్టి పట్టే కాలం 38.4 × 2.06 = 79 సెకన్లు. ఈ నిరోధకం ప్రమాణానికి సరిపోతుంది.

ప్రయోగశాలలో, సరఫరా నుంచి పూర్తిగా విడదీసి, ఆవేశం లేకుండా చేసిన కెపాసిటర్‌ను తీసుకోండి. దాన్ని 30 వోల్టుల ఏకముఖ సరఫరాతో ఆవేశపరచి, సరఫరా తీసేసి, వోల్టేజి 11 వోల్టులకు దిగడానికి పట్టే కాలాన్ని స్టాప్‌వాచ్‌తో కొలవండి. 35 సెకన్లు వచ్చిందనుకొందాం. 35 సెకన్లను 38.4 మైక్రోఫారడ్‌లతో భాగిస్తే 0.911 మెగాఓమ్ వస్తుంది. అసలు విలువ 1 మెగాఓమ్ కదా, మరి తేడా ఎందుకు?

వోల్టేజి చూడటానికి కలిపిన డిజిటల్ మల్టీమీటర్ కూడా ఒక నిరోధకమే. సాధారణంగా దాని నిరోధం 10 మెగాఓమ్‌లు. అదీ సమాంతరంగానే చేరింది. కాబట్టి 1 ÷ 0.911 నుంచి 1 ÷ 10 తీసేయండి: 1.098 − 0.1 = 0.998. దీని విలోమం 1 మెగాఓమ్.

నిరోధకం తెగిపోతే, ఉత్సర్గానికి మీటర్ ఒక్కటే దారి. అప్పుడు 11 వోల్టులకు దిగడానికి సుమారు 384 సెకన్లు, అంటే 6 నిమిషాలకు పైగా పడుతుంది. అమ్మీటర్ దాచిన లోపాన్ని స్టాప్‌వాచ్ బయటపెడుతుంది.

హెచ్చరిక: ఈ ప్రయోగాన్ని ప్యానెల్‌లో ఉన్న కెపాసిటర్‌పై చేయవద్దు. 587 వోల్టుల వద్ద మన కెపాసిటర్‌లో 6.6 జౌళ్ల శక్తి ఉంటుంది. సరఫరా ఆపామన్న ఒక్క కారణంతో కెపాసిటర్ కొనలను తాకరాదు. నిర్ణీత కాలం ఆగి, వోల్టేజి కొలిచి చూడాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఉదాహరణ 1లో పౌనఃపున్యాన్ని 100 హెర్ట్జ్‌కు పెంచితే మొత్తం ప్రవాహం ఎంత?
2. 38.4 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్‌కు 3 మెగాఓమ్‌ల ఉత్సర్గ నిరోధకం సరిపోతుందా?

జవాబులు

1. కెపాసిటర్ ప్రవాహం 0.8 ఆంపియర్ అవుతుంది; నిరోధక ప్రవాహం మారదు. మొత్తం √(0.3² + 0.8²) = 0.854 ఆంపియర్.
2. సరిపోదు. కాల స్థిరాంకం 115 సెకన్లు. 75 వోల్టులకు దిగడానికి 237 సెకన్లు పడుతుంది. ఇది 180 సెకన్ల కంటే ఎక్కువ.