బాలనాగమ్మ కథ నుంచి పేకకట్ట: సొంత కార్డుల రూపకల్పనలో బలాబలాల సమతౌల్యం

వ్యాససంగ్రహం: జానపద కథల ఆధారంగా కార్డులు రూపొందించి తరగతిగదిలో ఆడించదలచిన అధ్యాపకులకు ఎదురయ్యే ప్రధాన సమస్య బలాబలాల సమతౌల్యం. కార్డుపై రాసిన అంకెలు సమానమైనంత మాత్రాన కార్డులు సమానం కావని గంజీఫా, మ్యాజిక్ ఆటల ఆధారంగా నిరూపించి, ఆ పరిశీలనను బాలనాగమ్మ కథకు అన్వయించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: గంజీఫా, బాలనాగమ్మ, మాయల ఫకీరు, సమతౌల్యం, సంభావ్యత.

1. ఉపోద్ఘాతం

2022 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి, ప్రస్తుతం అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరం వంటి పట్టణంలో ఒక కళాశాల తెలుగు విభాగం ఈ ప్రయోగాన్ని చేపట్టడానికి పెద్ద వ్యయం అక్కరలేదు. అట్టముక్కలు, కత్తెర, ప్రాణబలం లెక్కించడానికి గుప్పెడు చింతపిక్కలు చాలు. కష్టమంతా అంకెల దగ్గరే. విద్యార్థి తనకు ఇష్టమైన వీరునికి అపారమైన బలం రాస్తాడు. ఆ కార్డు ఎవరికి వస్తే వారిదే గెలుపని రెండో ఆటకే అందరికీ తెలిసిపోతుంది. మూడో ఆటకు ఎవరూ కూర్చోరు.

2. గంజీఫా చూపిన మార్గం

నిర్మల్ నకాషీ కళాకారులు, పొరుగున ఒడిశాలోని రఘురాజపురం చిత్రకారులు గంజీఫా ముక్కలను చిత్రించారు. ఈ ఆటలోని దశావతార భేదంలో 120 గుండ్రని ముక్కలుంటాయి. పది అవతారాలకు పది రంగులు. ఒక్కొక్క రంగుకు రాజు, మంత్రి, 1 నుంచి 10 వరకు అంకెల ముక్కలు. ఏ అవతారానికీ ఒక్క ముక్క కూడా ఎక్కువ లేదు. సగం రంగుల్లో మంత్రి తరువాత 10 పెద్దది. మిగిలిన సగంలో క్రమం తలకిందులై, మంత్రి తరువాతి స్థానం 1కి దక్కుతుంది, 10 అన్నింటికంటే చిన్నదవుతుంది. కనుక చేతికి చిన్న అంకెలే వచ్చినవాడు ఓడినట్టు కాదు. పగటి ఆటలో రాముని రంగుకు, రాత్రి ఆటలో కృష్ణుని రంగుకు ప్రాధాన్యం ఉంటుంది. భక్తి విషయంలో ఇంతకంటే పక్షపాతం చూపని కట్టను ఊహించడం కష్టం.

3. ఒకే వెల, వేరువేరు ఫలితాలు

గంజీఫాలో అందరూ ఒకే కట్టనుంచి పంచుకొంటారు. ట్రేడింగ్ కార్డు ఆటలో ఎవరి కట్టను వారే కూర్చుకొంటారు కాబట్టి, ఒక్క కార్డులోని దోషం ప్రతి కట్టలోకీ పాకుతుంది. గణితశాస్త్రంలో డాక్టరేట్ పొందిన రిచర్డ్ గార్ఫీల్డ్ 1993లో వెలువరించిన ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ ఇందుకు మంచి నిదర్శనం. ఇందులో మంత్రం ప్రయోగించాలంటే ‘మానా’ అనే శక్తిని వెలగా చెల్లించాలి. ఒక మానాకు ఏదో ఒకటి ‘మూడు’ ఇచ్చే కార్డులు తొలి ముద్రణలోనే ఐదున్నాయి. లైట్నింగ్ బోల్ట్ మూడు దెబ్బలు కొడుతుంది. హీలింగ్ సాల్వ్ మూడు ప్రాణాంకాలు తిరిగి ఇస్తుంది. జెయంట్ గ్రోత్ ఒక జీవికి ఆ వంతుకు మూడేసి బలం కలుపుతుంది. డార్క్ రిచువల్ మూడు మానాలు ఇస్తుంది. యాన్సెస్ట్రల్ రీకాల్ మూడు కార్డులు తీసుకోనిస్తుంది.

కాగితం మీద ఇది చక్కని సమత. ఆటలో మాత్రం 20 ప్రాణాంకాలతో మొదలయ్యేవానికి మూడు తిరిగి రావడం ఒక దెబ్బను వాయిదా వేయడమే. మూడు కార్డులు రావడమంటే మూడు కొత్త అవకాశాలు. అందుకే హీలింగ్ సాల్వ్‌ను బలహీనమైన కార్డుగా పక్కన పెడతారు. యాన్సెస్ట్రల్ రీకాల్‌ను వింటేజ్ పద్ధతిలో కట్టకు ఒక్కటే అనుమతిస్తారు, లెగసీ పద్ధతిలో పూర్తిగా నిషేధించారు.

4. ఫకీరు ప్రాణం ఎక్కడ ఉంచాలి?

మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంటుంది. దీనిని నియమంగా రాస్తే ‘చిలుక ఉన్నంతకాలం ఫకీరు చావడు’ అవుతుంది. ఉన్నంతకాలం అంటే ఎక్కడ? చేతిలో ఉన్నా చాలునంటే ఎదుటివానికి దానిని చేరే దారి లేదు. బల్ల మీద ఉండాలంటేనే దారి ఏర్పడుతుంది. మూడు కార్డులను బోర్లా పెట్టి వాటిలో ఒకటి చిలుక అయితే, వెతుకులాట కూడా కథలోని రుచిని నిలుపుకొంటుంది.

బాలవర్ధి ఒక్కడే చిలుకను చంపగలడని రాయడం కథకు న్యాయమే. కాని బాలవర్ధి లేని కట్టకు ఆట మొదలుకాకముందే ఓటమి రాసిపెట్టినట్టవుతుంది. చిలుకపై ఎవరైనా దాడి చేయవచ్చు, బాలవర్ధికి మాత్రం తక్కువ వెల పడుతుంది అనడం నా దృష్టిలో మేలు. కథాభిమానులు దీనికి అభ్యంతరం చెప్పవచ్చు.

ప్రతుల సంఖ్య మరో మీట. 40 కార్డుల కట్టనుంచి మొదట 7 కార్డులు తీస్తారనుకొందాం. ఫకీరు, చిలుక ఒక్కొక్కటే ఉంటే రెండూ ఆ ఏడింటిలో కలిసిరావడానికి సంభావ్యత సుమారు 2.7 శాతం. మూడేసి ప్రతులుంటే కనీసం ఒక్కొక్కటి రావడం సుమారు 18.4 శాతానికి చేరుతుంది. కార్డు మీది వాక్యంలో ఒక్క అక్షరమైనా మారలేదు. జోడీ దాదాపు ఏడురెట్లు తరచుగా కలుస్తుంది.

5. ఆడించి చూడటం

ఇద్దరు విద్యార్థులు ఆడిన తరువాత కట్టలు మార్చుకొని మళ్లీ ఆడాలి. చేతులు మారినా అదే కట్ట గెలుస్తుంటే దోషం ఆటగానిది కాదు. అయితే తొందరపడి తీర్పు చెప్పరాదు. పూర్తిగా సమానమైన రెండు కట్టల మధ్య 10 ఆటలు ఆడితే, ఏదో ఒకటి 7 లేదా అంతకంటే ఎక్కువ గెలవడానికి సుమారు 34 శాతం అవకాశం ఉంది. అదే నిష్పత్తిలో 30 ఆటల్లో 21 లేదా అంతకంటే ఎక్కువ గెలుపులు యాదృచ్ఛికంగా రావడానికి ఉన్న అవకాశం సుమారు 4 శాతమే. పది ఆటల ఫలితం చూసి ఫకీరు బలం తగ్గించిన విద్యార్థి, బాగున్న కార్డునే పాడుచేసి ఉండవచ్చు.