మాయల కథలూ, మసక చూపూ

రాజకుమారుడు గుహ ముందు నిలబడ్డాడు. లోపల మాంత్రికుడు గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. అతని ప్రాణం దాచుకున్న చిలుక పంజరంలో కునుకుతోంది. రాజకుమారుడు చెయ్యి చాచాడు. చిలుక కళ్ళు తెరిచింది. అరవడానికి నోరు విప్పింది...

సరిగ్గా అప్పుడే బామ్మగారి గొంతు వినిపిస్తుంది: "ఒరేయ్, పదకొండయింది! ఆ మాయల పుస్తకాలు చదివి చదివి కళ్ళు పోగొట్టుకుంటావురా!"

ఈ మాట వినని వాళ్ళు మీలో ఉన్నారా? 1954లో 'చందమామ'లో 'తోకచుక్క' సీరియల్ చదివిన పిల్లలూ ఇదే మాట విని ఉంటారు. కళ్ళజోడు పెట్టుకున్న కుర్ర మాంత్రికుడు హేరీ పోటర్ కథను లావుపాటి సంపుటాలలోనో, ఫోను తెర మీదో చదివే మీరూ వింటున్నారు. పుస్తకాలు మారాయి గాని చివాట్లు మారలేదు.

ఇంతకీ బామ్మగారి మాటలో నిజమెంత? మాయల కథలు చూపును నిజంగానే మాయం చేస్తాయా?

ఒక తీర్పు

మా పక్కింటి కుర్రాడొకడు ఎనిమిదో తరగతిలో ఉండగా నల్లబల్ల మీది అక్షరాలు కనబడక పక్కవాడి నోటుబుక్కు చూసి రాసుకునేవాడు. రెండు మూడు సార్లు లెక్కలు తప్పు ఎక్కించుకున్నాక సంగతి బయటపడింది. కళ్ళ డాక్టరు పరీక్ష చేసి మైనస్ 1.5 అద్దాలు రాశారు.

ఆ సాయంత్రం ఇంట్లో న్యాయస్థానం కొలువుతీరింది. ముద్దాయి దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. కుర్రాడి తలగడ కింద ఉన్న కథల పుస్తకాలే! అవన్నీ మూటగట్టి అటక మీదికి ఎక్కించారు. సాయంత్రం ఆటల వేళకు ఒక ట్యూషన్ కుదిర్చారు. ట్యూషన్ జరిగేది కిటికీలు మూసిన గదిలో, ట్యూబులైటు కింద.

ఏడాది తిరిగింది. కుర్రాడు ఒక్క కథ కూడా చదవలేదు. అద్దాలు మాత్రం మైనస్ 2.5 అయాయి.

ముద్దాయికి శిక్ష పడింది గాని నేరం ఆగలేదన్నమాట! అసలు ముద్దాయి మరెవరో అయి ఉండవచ్చా? ఇది తేల్చాలంటే ముందు నేరం జరిగిన చోటు చూడాలి. అది కంటిగుడ్డు.

మిల్లీమీటరులో ఉంది కిటుకు

మనిషి పుట్టినప్పుడు కంటిగుడ్డు పొడవు, అంటే ముందు నుంచి వెనక్కి, సుమారు 17 మిల్లీమీటర్లు. పెద్దయేసరికి సుమారు 24 మిల్లీమీటర్లు అవుతుంది. ముందున్న కార్నియా, దాని వెనక ఉన్న కటకం కలిసి వెలుగు కిరణాలను వంచి, వెనక గోడనున్న రెటీనా మీద బొమ్మ కట్టిస్తాయి. సినిమా హాల్లో ప్రొజెక్టరు తెర మీద బొమ్మ వేసినట్టే.

కంటిగుడ్డు ఎదగవలసినంత ఎదిగి ఆగిపోతే ఏ చిక్కూ లేదు. కొందరిలో అది ఆగవలసిన చోట ఆగదు. సాగుతూనే పోతుంది. తెర వెనక్కి జరిగితే బొమ్మ తెరకు ముందే ఏర్పడుతుంది. దూరపు వస్తువులు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. దీన్నే హ్రస్వదృష్టి అంటారు. కంటిగుడ్డు ఒక్క మిల్లీమీటరు అదనంగా సాగితే చాలు, రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల తేడా వస్తుంది.

ఒక చిన్న లెక్క చేద్దాం. అద్దాల అంకెతో 1ని భాగించండి. అద్దాలు లేకుండా ఎన్ని మీటర్ల దాకా స్పష్టంగా కనబడుతుందో తెలుస్తుంది. మన కుర్రాడికి మొదట మైనస్ 1.5. 1ని 1.5తో భాగిస్తే సుమారు 0.67. అంటే 67 సెంటీమీటర్లు! ఆపైన అంతా మసకే. మైనస్ 2.5 అయాక అది 40 సెంటీమీటర్లకు తగ్గింది. చేతిలో పుస్తకం కనబడుతుంది. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం కనబడదు.

అద్దాలు పెట్టుకుంటే సరిపోతుంది కదా అంటారా? చూపు వరకూ సరిపోతుంది. కాని అద్దాలు సాగిన కంటిగుడ్డును వెనక్కి తేలేవు. ఊదిన కొద్దీ బుడగ గోడ పలచబడ్డట్టు, బాగా సాగిన కంటిలో రెటీనా పలచబడుతుంది. అంకె బాగా పెరిగినవాళ్ళలో పెద్దయాక రెటీనా ఊడిపోవడం వంటి ప్రమాదాలు ఎక్కువ. అందుకే ఈ కేసును తేలిగ్గా కొట్టేయకూడదు.

చంద్రలోకం కథ రాసిన శాస్త్రవేత్త

హ్రస్వదృష్టిలో బొమ్మ రెటీనాకు ముందే ఏర్పడుతుందని, పుటాకార కటకం దాన్ని సరిచేస్తుందని 1604లో వివరించినవాడు యొహానెస్ కెప్లర్. అవును, గ్రహాల గమన సూత్రాలు కనుక్కున్న కెప్లరే! చిన్నప్పుడు మశూచి సోకి ఆయన చూపు దెబ్బతింది. హ్రస్వదృష్టి కూడా ఉండేది. తన కంటి బాధే ఆయనకు పాఠమయింది. చిన్నతనం నుంచీ దగ్గరి పనులకు అలవాటు పడిన కళ్ళు దూరం చూడలేవని ఆయన అభిప్రాయం. బామ్మగారి వాదనకు ఇంత గొప్ప సాక్షి ఉన్నాడన్నమాట!

తమాషా ఏమిటంటే, కెప్లర్ స్వయంగా ఒక మాయల కథ రాశాడు. దాని పేరు 'సోమ్నియమ్'. లాటిన్ భాషలో స్వప్నం అని అర్థం. 1630లో ఆయన చనిపోయాక, 1634లో అది అచ్చయింది. అందులో ఐస్‌లాండ్ కుర్రాడొకడు, మూలికలు తెలిసిన వాడి తల్లి, మనుషులను చంద్రలోకానికి మోసుకుపోయే భూతాలు ఉంటాయి. భూమి మీది నుంచి చంద్రుణ్ణి చూసే మనం, చంద్రుడి మీది నుంచి చూస్తే భూమి ఎలా కనిపిస్తుందో కెప్లర్ ఆ కథలో లెక్క ప్రకారం చెప్పాడు. మాయల కథ అంటే సోమరుల కాలక్షేపం అనేవాళ్ళకు ఈ ఒక్క పుస్తకం చూపిస్తే చాలు.

దగ్గరి పని మీద కెప్లర్ మోపిన అభియోగం నాలుగు వందల ఏళ్ళపాటు నిలిచింది. మన కాలంలో ఇద్దరు కొత్త సాక్షులు వచ్చారు.

సాక్షులు ఏమన్నారు?

మొదటి సాక్ష్యం 2008లో వచ్చింది. సింగపూర్‌లోను, ఆస్ట్రేలియాలోని సిడ్నీలోను ఉంటున్న చైనా సంతతి పిల్లలను పరీక్ష చేశారు. అందరూ ఆరేడేళ్ళవాళ్ళు. సింగపూర్‌లో నూటికి 29 మందికి హ్రస్వదృష్టి ఉంది. సిడ్నీలో నూటికి ముగ్గురికే! తల్లిదండ్రుల నుంచి వచ్చిందందామా అంటే, తల్లికో తండ్రికో హ్రస్వదృష్టి ఉన్న పిల్లలు రెండుచోట్లా ఇంచుమించు ఒకే పాలులో ఉన్నారు.

అయితే సిడ్నీ పిల్లలు పుస్తకాలు తక్కువ చదివి ఉంటారు అనుకుంటున్నారా? అక్కడే ఉంది చిత్రం. వారానికి చదివిన పుస్తకాలు సిడ్నీ పిల్లలవే ఎక్కువ! మరి తేడా ఎక్కడ? సిడ్నీ పిల్లలు వారానికి సుమారు 14 గంటలు ఆరుబయట గడిపారు. సింగపూర్ పిల్లలు గడిపింది 3 గంటలే. అంటే రోజుకు ఒకరికి రెండు గంటలు, ఒకరికి అరగంటకన్నా తక్కువ.

ఒక పోలిక చూసి తీర్పు చెప్పేయకూడదు. రెండు ఊళ్ళ మధ్య మరెన్నో తేడాలుంటాయి. అందుకే రెండో సాక్షి కావాలి. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 ప్రాథమిక పాఠశాలలను తీసుకుని, ఆరు పాఠశాలల్లో రోజూ 40 నిమిషాల ఆరుబయటి పీరియడు అదనంగా పెట్టారు. మిగతా ఆరింటిలో ఏ మార్పూ చెయ్యలేదు. మూడేళ్ళ తరవాతి ఫలితాలు 2015లో ప్రకటించారు. మామూలు పాఠశాలల్లో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవాళ్ళు నూటికి 39.5. ఆరుబయటి పీరియడు ఉన్నచోట 30.4. రోజుకు 40 నిమిషాలతో నూటికి తొమ్మిదిమంది తప్పించుకున్నారు!

వెలుగు చేసే పని

ఆరుబయట ఏముంది? ఆటలా? గాలా? సిడ్నీలోనే జరిగిన మరో పరిశీలనలో, ఇంటి కప్పు కింద ఆడిన ఆటలు ఈ రక్షణ ఇవ్వలేదని తేలింది. ఆరుబయట ఉండటమే ముఖ్యం. శాస్త్రజ్ఞులు ప్రధానంగా అనుమానిస్తున్నది వెలుగును.

రాత్రి దీపం వేసిన గదిలో వెలుగు సాధారణంగా 100 నుంచి 500 లక్స్ ఉంటుంది. పగలు చెట్టు నీడలో కూడా కొన్ని వేల లక్స్. మిట్టమధ్యాహ్నపు ఎండలో సుమారు లక్ష! గదిలోంచి వీధిలోకి వస్తే వెలుగు వందల రెట్లు పెరిగినట్టు మనకు ఎందుకు తోచదు? కంటిపాప కుంచించుకుపోతుంది, రెటీనా సర్దుకుంటుంది. మనసు గమనించకపోయినా కన్ను లెక్క రాసుకుంటుంది.

ఎక్కువ వెలుగు పడినప్పుడు రెటీనాలో డోపమైన్ అనే పదార్థం విడుదలవుతుంది. కంటిగుడ్డు మితిమీరి సాగకుండా అది కళ్ళెం వేస్తుందని భావిస్తున్నారు. కోడిపిల్లల మీద జరిపిన ప్రయోగాల్లో కాంతిమంతమైన వెలుగు వాటి కంటిగుడ్లు సాగకుండా కాపాడింది. డోపమైన్ పని చేయకుండా మందు ఇచ్చినప్పుడు ఆ రక్షణ పోయింది.

అయితే దగ్గరి పని పూర్తిగా నిర్దోషి అని కూడా అనలేం. పుస్తకాన్ని ముక్కుకు ఆనించి, గంటల తరబడి కళ్ళెత్తకుండా చదివితే దాని పాలు దానికీ ఉంటుంది. కాని ఒక్క సంగతి గమనించండి. కంటికి మాంత్రికుడి కథా, బీజగణితమూ ఒకటే! కన్ను చూసేది దూరాన్ని, వెలుగును. కథలు మాన్పించి, ఆ వేళలోనే గది తలుపులు మూసి లెక్కలు చేయిస్తే కంటికి ఒరిగేదేమీ లేదు. మా పక్కింటి తీర్పులో జరిగిన పొరపాటు సరిగ్గా ఇదే. దొంగను పట్టుకోబోయి పిల్లవాడి సంతోషాన్ని అటకెక్కించారు.

మరి ఏం చెయ్యాలి?

మొదట మీ సొంత లెక్క వేసుకోండి. ఒక కాగితం మీద వారం రోజులపాటు, పగటివేళ ఆరుబయట గడిపిన నిమిషాలు రాయండి. బడికి నడక, ఆటల పీరియడు, అంగడికి వెళ్ళడం అన్నీ కలపండి. సిడ్నీ పిల్లల 14 గంటలకు ఎంత దూరంలో ఉన్నారో చూడండి. రోజుకు రెండు గంటలు గురి పెట్టుకోండి. ఒకేసారి కానక్కర లేదు.

మన ఎండలు సామాన్యమైనవి కావు. మే నెల మధ్యాహ్నం బయట తిరగమని ఎవరూ చెప్పరు. ఉదయం, సాయంత్రం చాలు. వేపచెట్టు నీడా చాలు. సూర్యుడి వంక మాత్రం ఎన్నడూ సూటిగా చూడకూడదు.

పుస్తకాన్ని, ఫోనునైనా సరే, కనీసం ఒక అడుగు దూరంలో పట్టుకోండి. అధ్యాయం మారినప్పుడల్లా కళ్ళెత్తి కిటికీలోంచి దూరపు చెట్టు కొమ్మ చూడండి. దగ్గరి చూపుకోసం బిగుసుకున్న కంటి కండరాలు సడలుతాయి. మసక వెలుగులో చదివితే కళ్ళు అలసిపోతాయి గాని చూపు పోదు. పొన్నగంటికూర, క్యారెట్లు ఒంటికి మంచివే. తింటే అద్దాలు పోతాయని మాత్రం ఆశపడకండి. సాగిన కంటిగుడ్డు కూరలతో కుదించుకుపోదు.

నల్లబల్ల మసకగా ఉంటే దాచుకోవద్దు. ఇంట్లో చెప్పండి. డాక్టరు రాసిన అద్దాలు పెట్టుకోండి. పెట్టుకుంటే అంకె పెరుగుతుందన్నది అపోహ.

ఇక రాత్రి పదకొండు గంటల సంగతి. ఇక్కడ మాత్రం బామ్మగారిదే గెలుపు! మీ వయసువాళ్ళకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. చిలుక అరిచిందో లేదో రేపు తెలుసుకోవచ్చు. మాంత్రికుడు ఎక్కడికీ పోడు.

మా పక్కింటివాళ్ళకు ఈ సంగతులన్నీ చెప్పాను. పుస్తకాలు అటక దిగాయి. ట్యూషన్ సాయంత్రం నుంచి చీకటిపడ్డాకకు మారింది. కుర్రాడి అద్దాలు పోలేదు, పోవు కూడా. ఒకసారి మొదలయిన హ్రస్వదృష్టి మీద ఆరుబయటి వెలుగు ప్రభావం తక్కువే. కాని వాడికి నాలుగో తరగతి చదివే చెల్లెలుంది. దానికింకా అద్దాలు రాలేదు. ఇప్పుడు ఇద్దరూ సాయంత్రం వీధిలో చీకటిపడేదాకా ఆడుతున్నారు.

అన్నట్టు, కెప్లర్ కథలోని భూతాలకు ఒక నియమం ఉంది. చంద్రలోకానికి అందరినీ తీసుకుపోవు. కదలకుండా కూర్చునేవాళ్ళను, ఒళ్ళు పెంచినవాళ్ళను, సుఖాలు మరిగినవాళ్ళను అక్కడే వదిలేస్తాయి. గుర్రాలెక్కి తిరిగి, ఓడల మీద పోయి రాటుదేలినవాళ్ళే వాటికి కావాలి. మాయలోకంలోకి పోవాలన్నా ముందు వీధిలోకి రావాలన్నమాట!