పొగపై చట్టం – ఫలితాన్ని కొలిచేదెలా?

మరమ్మతు చేసిన యంత్రం ‘బాగుపడినది’ అని నోటిమాటగా చెబితే ఇంజనీర్లమైన మేము అంగీకరించము. ముందు రీడింగు ఎంత, తరువాత ఎంత, పక్కనే మరమ్మతు జరగని యంత్రం రీడింగు ఎంత అని అడుగుతాము. ప్రజారోగ్యం కోసం చేసిన చట్టాలకూ ఇదే పరీక్ష వర్తిస్తుంది. ద్వారం వద్ద ‘ఇచ్చట పొగత్రాగుట నేరము’ అన్న బోర్డు వెలసినంత మాత్రాన ఆరోగ్యం మెరుగైనదని చెప్పలేము.

పొగాకు విషయంలో ఈ కొలత సులభం కాదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడడానికి దశాబ్దాలు పడుతుంది. నేటి చట్టం ఫలితం ఆ లెక్కల్లో కనబడాలంటే ఒక తరం వేచి ఉండాలి. గుండె మాత్రం అంతకాలం ఆగదు. ఇతరులు విడిచిన పొగను పీల్చినా రక్తం గడ్డకట్టే స్వభావం పెరుగుతుంది. పొగ తొలగితే ఆ ప్రమాదం త్వరగానే తగ్గుముఖం పడుతుంది. కనుక గుండెపోటుతో ఆసుపత్రిలో చేరేవారి సంఖ్య త్వరగా స్పందించే కొలమానం.

స్కాట్లండ్ దీనికి చక్కని ఉదాహరణ. అక్కడ 2006 మార్చి 26 నుండి, నాలుగు గోడల మధ్య ఉండే బహిరంగ స్థలాలలో ధూమపానాన్ని నిషేధించారు. నిషేధానికి ముందు పది నెలలలో తొమ్మిది ఆసుపత్రులలో తీవ్ర హృద్రోగంతో చేరినవారు 3,235 మంది. మరుసటి సంవత్సరం అవే నెలలలో 2,684 మంది. అంటే 17 శాతం తగ్గుదల. అప్పటికి అటువంటి నిషేధం లేని ఇంగ్లండ్‌లో తగ్గినది 4 శాతమే. పైగా, తగ్గిన కేసులలో 67 శాతం పొగత్రాగనివారివి. మరమ్మతు జరగని యంత్రంతో పోల్చి చూడడమంటే ఇదే.

మన దేశంలో పొగాకు నియంత్రణ చట్టం 2003లో వచ్చినది. పని ప్రదేశాలతో సహా బహిరంగ స్థలాలలో ధూమపాన నిషేధ నియమాలు 2008 అక్టోబరు 2 నుండి అమలులోకి వచ్చాయి. 2016 ఏప్రిల్ నుండి హెచ్చరిక బొమ్మలు పెట్టె మీద 85 శాతం స్థలాన్ని ఆక్రమించాయి. 2009–10, 2016–17 సంవత్సరాల జాతీయ సర్వేలను పోల్చితే, పొగాకు వాడే వయోజనులు 34.6 శాతం నుండి 28.6 శాతానికి తగ్గారు. హెచ్చరికలను చూసి మానాలని ఆలోచించిన సిగరెట్టు వినియోగదారులు 38 నుండి 62 శాతానికి పెరిగారు. పన్నులు, గుట్కా నిషేధాలు కూడా ఉన్నందున ఈ ఘనతను ఒకే నియమానికి కట్టబెట్టలేము. అయినా సూచిక సరైన దిశలోనే కదిలినది.

ఒక్క రీడింగు మాత్రం మమ్మల్ని కలవరపరచినది. ఇంటిలో పరుల పొగకు గురయ్యేవారు 52 నుండి 39 శాతానికి తగ్గగా, గదుల లోపల పనిచేసేవారిలో పని ప్రదేశంలో ఆ పొగకు గురయ్యేవారు 29.9 శాతం నుండి 30.2 శాతమయ్యారు. చట్టం అడుగుపెట్టని ఇంట మార్పు వచ్చినది. చట్టం వర్తించే చోట రాలేదు!

ఇంట్లో భార్యాబిడ్డలు ‘వద్దు’ అనగలరు. కార్యాలయంలో పైఅధికారిని గాని, వయసులో పెద్దవారిని గాని ఆ మాట అనడానికి మనకు నోరు రాదు. ఆ మొహమాటానికి మూల్యం చెల్లించేది పక్క బల్ల వద్ద కూర్చున్న, ఏనాడూ బీడీ ముట్టని సహోద్యోగి గుండె.

కాబట్టి మా సూచన ఒక్కటే. ప్రతి విభాగంలోనూ మెట్ల మలుపులలో, స్టోరు వెనుక పడి ఉన్న సిగరెట్టు పీకలను ఒక వారం లెక్కించండి. ఆ అంకెను నోటీసు బోర్డు మీద వ్రాయండి. మూడు నెలల తరువాత మళ్ళీ లెక్కించండి. చట్టం మన గడప లోపల పనిచేస్తున్నదో లేదో ఆ రెండు అంకెలే చెబుతాయి.