శ్రోతల్ని పెంచుతున్న బడి

ఓ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ మొదలుపెట్టిన ‘స్పిక్ మెకే’ సంస్థకు యాభయ్యేళ్లు దగ్గరపడుతున్నాయి. పిల్లలందరినీ కళాకారుల్ని చేసేస్తామని అది ఎన్నడూ అనలేదు. మంచి సంగీతాన్ని దగ్గరగా కూర్చుని వినే అవకాశం ప్రతి విద్యార్థికీ ఒక్కసారైనా దక్కాలన్నదే దాని పట్టుదల.

ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివి, కొలంబియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీకి వెళ్లిన కిరణ్ సేఠ్ 1970ల తొలినాళ్లలో బ్రూక్లిన్‌లో ఒక ధ్రుపద్ సంగీత కచేరి విన్నారు. పాడింది డాగర్ వంశపు విద్వాంసులు. గంటల తరబడి నింపాదిగా సాగే ఆ ఆలాపన ఆయన్ని పట్టేసింది. ఇండియాలో అన్నేళ్లు చదువుకున్నా ఇలాంటిది తన చెవిన పడనేలేదే అన్న ఆలోచన వెంటాడింది. బెల్ ల్యాబ్స్‌లో కొంతకాలం పనిచేశాక 1976లో తిరిగొచ్చి ఢిల్లీ ఐఐటీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాదే విద్యార్థులతో కలిసి సంస్థను స్థాపించారు. యువతలో భారతీయ శాస్త్రీయ సంగీతాన్ని, సంస్కృతిని ప్రోత్సహించే సంఘం అని చెప్పే పొడవాటి ఇంగ్లిష్ పేరులోని తొలి అక్షరాలే ‘స్పిక్ మెకే’ అయ్యాయి.

తొలి కచేరీలకు హాలు నిండలేదు. ఆయన మాత్రం వెనక్కి తగ్గలేదు.

జంపఖానా మీద సమానం

ఈ సంస్థ పద్ధతులు చూడటానికి చిన్నవే. చెప్పులు బయట విడవాలి. పిల్లలు, ప్రిన్సిపాల్, అతిథులు అందరూ జంపఖానా మీదే కూర్చోవాలి. టికెట్ ఉండదు. వాయించే ముందు కళాకారులు నాలుగు మాటలు చెబుతారు, తర్వాత పిల్లల ప్రశ్నలకు జవాబులిస్తారు. కళాకారుడి వేళ్లు తీగల మీద ఎలా కదులుతున్నాయో కనిపించేంత దగ్గరలో ప్రేక్షకులుంటారు. మొదటిసారి ఏమీ అర్థం కాకపోయినా పరవాలేదన్నది సేఠ్ వాదన. లోపల ఎక్కడో విత్తనం పడితే, అది పదేళ్లకు మొలకెత్తినా చాలంటారాయన.

బిస్మిల్లా ఖాన్, భీమ్‌సేన్ జోషి, బిర్జూ మహారాజ్, హరిప్రసాద్ చౌరాసియా లాంటి దిగ్గజాలు ఈ వేదికల మీద విద్యార్థుల ముందు కూర్చున్నారు. పెద్ద సభల్లో వచ్చే పారితోషికంతో పోలిస్తే ఇక్కడ ముట్టేది తక్కువే. అయినా వస్తారు. శాస్త్రీయ సంగీతంతో మొదలైన జాబితాలోకి క్రమంగా కేరళ సంస్కృత నాటకం కూడియాట్టం, ఛత్తీస్‌గఢ్‌లో మహాభారత కథల్ని పాడే పండవాని, హస్తకళలు, యోగా, ప్రపంచ సినిమా, చారిత్రక కట్టడాల మధ్య నడకలు చేరాయి. పండవానికి ప్రపంచమంతా పేరు తెచ్చిన తీజన్ బాయి బడిలో చదువుకున్నది దాదాపు ఏమీ లేదు. అలాంటి కళాకారిణి ఎదుట ఐఐటీ విద్యార్థులు చేతులు కట్టుకుని కూర్చుంటే, ఎవరు ఎవరికి గురువో కొత్తగా తెలిసివస్తుంది.

నెలరోజులు గురువింట

గంట కచేరితో ఆసక్తి పుడుతుంది, పునాది పడదు. అందుకే ‘గురుకుల్ అనుభవ్’ పేరుతో స్కాలర్‌షిప్ పథకం పెట్టారు. ఎంపికైన విద్యార్థి వేసవిలో సుమారు నెలరోజులు గురువు దగ్గరే ఉంటాడు. ఆయన సాధన చేసే తీరు, శిష్యుల్ని దిద్దే తీరు, ఇంట్లో మసలే తీరు కళ్లారా చూస్తాడు.

ఏటా జరిగే సమ్మేళనం మరో మెట్టు. దేశం నలుమూలల నుంచి వచ్చిన యువత వారంపాటు ఒకే క్యాంపస్‌లో ఉంటారు. తెల్లవారుజామునే లేచి యోగా, ఆపై శ్రమదానం, సాత్విక భోజనం. ప్రతి ఒక్కరూ ఒక కళను ఎంచుకుని వారమంతా గురువు దగ్గర దాన్నే నేర్చుకుంటారు. సాయంత్రాలు కచేరీలు. చివరి రాత్రి మొదలైన సంగీతం తెల్లారేదాకా సాగుతుంది. 2025 వేసవిలో ఈ అంతర్జాతీయ సమ్మేళనానికి సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ ఆతిథ్యమిచ్చింది.

వీటిని నడిపేది ప్రధానంగా వాలంటీర్లే. కళాకారుల్ని స్టేషన్ నుంచి తీసుకురావడం, తంబురా జాగ్రత్తగా మోయడం, భోజనం చూసుకోవడం అన్నీ విద్యార్థుల పనులే. ప్రభుత్వ శాఖల గ్రాంట్లు, కంపెనీల విరాళాలు, ఆతిథ్యమిచ్చే విద్యాసంస్థల సాయంతో బండి లాగుతారు. సేఠ్‌కు 2009లో పద్మశ్రీ వచ్చింది. 2022లో, 73 ఏళ్ల వయసులో, ఆయన శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి సైకిల్ మీద బయల్దేరి దారిలో బడులు, కాలేజీల్లో ఆగి పిల్లలతో మాట్లాడారు.

తెలుగు నేల మీద లెక్క

ఈ ప్రయత్నం మీద అడగాల్సిన ప్రశ్నలూ ఉన్నాయి. ‘శాస్త్రీయం’ అన్న గీత ఎవరు గీశారు? దాని లోపలికి ఒగ్గుకథ, తోలుబొమ్మలాట, చిందు యక్షగానం ఎంతమేరకు వస్తాయి? ఒక్క కచేరి విన్న పిల్లల్లో ఎంతమంది మళ్లీ వెతుక్కుంటూ వెళ్తారు? కళ మనిషి లోపల తెచ్చే మార్పును మార్కుల్లా కొలవలేం కాబట్టి జవాబు తేలిగ్గా దొరకదు.

మన రాష్ట్రాల్లో దీనికి అడ్డంకి ఇంకో రూపంలో ఉంది. ఆదిలాబాద్ ప్రాంతం నుంచి వెళ్లి ఢిల్లీలో కూచిపూడి నేర్పిన రాజా రెడ్డి, రాధా రెడ్డి దంపతులు దేశదేశాల్లో మెప్పు పొందారు. అదే నేల మీద రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీలో చదివే పిల్లలకు పొద్దున్నుంచి రాత్రిదాకా స్టడీ అవర్లే. టైమ్‌టేబుల్లో సంగీతానికి, ఆటలకు గడి ఉండటమే అరుదు. పేరున్న ఐఐటీలో కచేరి పెట్టడం ఇప్పుడు పెద్ద కష్టమేమీ కాదు. ఈఏపీసెట్, జేఈఈ ర్యాంకుల వేటలో ఉన్న కార్పొరేట్ కాలేజీ యాజమాన్యాన్ని ఒప్పించి, వారంలో ఒక సాయంత్రం గంటన్నర సంపాదించగలరా అన్నదే ఇక్కడి వాలంటీర్ల ముందున్న అసలు పరీక్ష.