అరువు చిత్రాలు – కర్తృత్వ ప్రస్తావన: ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
అభిరుచి కొద్దీ సాగే వ్యక్తిగత రచనలలో ఇతరుల చిత్రాలను వాడుకోవడం నేడు సర్వసాధారణం. వాటి కింద కనిపించే “సౌజన్యం: గూగుల్” వంటి మాటలు చిత్రకర్తను గుర్తించవు, అనుమతినీ సూచించవు. కర్త పేరు చెప్పడం, అనుమతి పొందడం అనేవి రెండు వేర్వేరు బాధ్యతలనీ, ఒకటి మరొకదానికి ప్రత్యామ్నాయం కాదనీ భారతీయ కాపీరైట్ చట్టం, క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల ఆధారంగా వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: చిత్రకర్త, కాపీరైట్, నైతిక హక్కులు, సార్వజనిక చిత్రాలు, క్రియేటివ్ కామన్స్, సౌజన్యం.

1. ఉపోద్ఘాతం:
చూసివచ్చిన గుడి గురించో, ఇంటి వంట గురించో, చిన్ననాడు చదివిన పత్రిక గురించో తీరిక వేళల్లో రాసి అంతర్జాలంలో ఉంచేవారు తెలుగులో ఎందరో ఉన్నారు. రచన వారి సొంతం; దానికి తోడైన బొమ్మ తరచుగా అరువు. ఆ అరువును ఒప్పుకునే పద్ధతి మాత్రం ఇంకా స్థిరపడలేదు.

చందమామ ముఖచిత్రాలతో తరతరాల పాఠకులకు ఆత్మీయుడైన వడ్డాది పాపయ్య (1921–1992) ‘వపా’గా సుప్రసిద్ధుడు. అటువంటి చిత్రకారుని బొమ్మను ఎవరో పత్రిక నుండి తీసి, అంచులు కత్తిరించి పంచుకుంటారు. మూలన ఉన్న సంతకం ఆ కత్తిరింపులో పోతుంది. అక్కడి నుండి మరొకరు, వారి నుండి ఇంకొకరు తీసుకుంటారు. చివరికి ‘పాత చందమామ బొమ్మ’ అన్న వర్ణన ఒక్కటే మిగులుతుంది. బొమ్మ బతికే ఉంటుంది. గీసిన చేయి మరుగున పడుతుంది.

2. చట్టం దృష్టిలో చిత్రకర్త:
కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 2(సి) ప్రకారం చిత్రలేఖనం, రేఖాచిత్రం, ఛాయాచిత్రం మొదలైనవి కళాకృతులు. వాటికి కళాత్మక గుణం ఉందా లేదా అన్న విచారణ అవసరం లేదు. కాబట్టి సెల్‌ఫోన్‌తో తీసిన పులిహోర ఫోటో కూడా రక్షణకు అర్హమే. సెక్షన్ 2(డి) ప్రకారం ఛాయాచిత్రానికి కర్త దానిని తీసిన వ్యక్తి.

సెక్షన్ 57 కర్తకు ప్రత్యేక హక్కులు కల్పిస్తుంది. ఆ కృతి తనదేనని చెప్పుకునే హక్కు, తన గౌరవానికి భంగం కలిగేలా దానిని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు ఇందులో ఉన్నాయి. కాపీరైట్‌ను ఇతరులకు అమ్మివేసిన తరువాత కూడా ఇవి కర్త వద్దనే ఉంటాయి. న్యూఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ రూపొందించిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో తొలగించినప్పుడు అది దెబ్బతిన్నది. దానిపై నడిచిన వ్యాజ్యంలో 2005లో ఢిల్లీ హైకోర్టు శిల్పశకలాలను ఆయనకు తిరిగి ఇవ్వాలని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని తీర్పునిచ్చింది. వస్తువుకు యజమాని ప్రభుత్వమే అయినా, కృతితో కర్తకు గల సంబంధం తెగిపోదని ఈ తీర్పు స్పష్టం చేసింది.

2012 సవరణతో చేరిన సెక్షన్ 65బి కూడా ఇక్కడ గమనార్హం. కృతిని, కర్తను, హక్కుదారును గుర్తించే సమాచారాన్ని తెలిసి తెలిసి అనధికారంగా తొలగించడం దీని ప్రకారం నేరం. కర్త పేరున్న వాటర్‌మార్క్‌ను చెరిపివేసేవారు ఈ నిబంధనను గుర్తుంచుకోవాలి.

3. పేరు ఒకరిది, అనుమతి మరొకరిది:
కర్త, హక్కుదారు అన్నివేళలా ఒక్కరే కానక్కరలేదు. పెళ్ళివారు డబ్బిచ్చి ఫోటోలు తీయించుకున్నప్పుడు, వేరే ఒప్పందం లేకపోతే, సెక్షన్ 17 ప్రకారం తొలి హక్కుదారులు పెళ్ళివారే. అయినా ఆ ఫోటోలకు కర్త ఫోటోగ్రాఫరే. పత్రికలో ఉద్యోగిగా ఉన్న చిత్రకారుడు ఆ పత్రిక కోసం గీసిన బొమ్మ విషయంలో, వేరే ఒప్పందం లేకపోతే, పత్రికా ప్రచురణకు సంబంధించిన తొలి హక్కు యజమానిది. మిగిలిన హక్కులు చిత్రకారునివి. అందుచేత అనుమతి ఎవరిని అడగాలన్నది ఒక ప్రశ్న, ఎవరి పేరు చెప్పాలన్నది మరొక ప్రశ్న. మొదటిదానికి సమాధానం సందర్భాన్ని బట్టి మారుతుంది. రెండోదానికి సమాధానం ఎప్పుడూ కర్తే.

4. లాభాపేక్ష లేకపోతే చాలునా?
‘ఇది సరదాకి రాసుకున్నది, డబ్బు కోసం కాదు’ అన్నది తరచుగా వినిపించే సమర్థన. సెక్షన్ 52 వ్యక్తిగత వినియోగానికి, పరిశోధనకు, విమర్శకు, సమీక్షకు సముచిత పరిధిలో మినహాయింపు ఇస్తుంది. అయితే లోకమంతా చూడగలిగేలా ప్రచురించడాన్ని వ్యక్తిగత వినియోగంగా చూపడం కష్టం. ఒక చిత్రంలోని రేఖలను, వర్ణాలను చర్చిస్తూ ఆ చిత్రాన్నే చూపడం విమర్శ కిందికి రావచ్చు. సంక్రాంతి శుభాకాంక్షలకు అలంకారంగా దానిని అతికించడం ఆ కోవకు చెందదు. ‘చిత్రం ఫలానావారిది’ అని రాసినంత మాత్రాన లేని అనుమతి రాదు.

5. హక్కు తీరినా తీరని బాధ్యత:
మన దేశంలో కళాకృతులపై కాపీరైట్ కర్త జీవితకాలంతో పాటు, మరణించిన మరుసటి సంవత్సరం నుండి 60 సంవత్సరాలు ఉంటుంది. 1906లో మరణించిన రాజా రవివర్మ, 1925లో మరణించిన రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు చిత్రాలు ఈ లెక్కన సార్వజనికాలు. 2014లో మరణించిన బాపు బొమ్మలకు రక్షణ 2074 చివరి వరకు ఉంటుంది. ఛాయాచిత్రాలకు పూర్వం ప్రచురణ సంవత్సరం నుండి లెక్కించే ప్రత్యేక గడువు ఉండేది. 2012 సవరణ దానిని తొలగించి వాటినీ ఇదే సూత్రం కిందికి తెచ్చింది.

ఇక్కడే పేరు విలువ తేటతెల్లమవుతుంది. గడువు కర్త మరణ సంవత్సరాన్ని బట్టి తేలుతుంది. ఆ సంవత్సరం తెలియాలంటే ముందు కర్త ఎవరో తెలియాలి. నేడు పేరు చెరిపినవారు రేపటి పాఠకునికి ఆ లెక్కను కూడా దూరం చేస్తున్నారు. సార్వజనికమైన చిత్రానికి అనుమతి అక్కరలేదు. కానీ రామారావు చిత్రాన్ని పేరు లేకుండా చూపితే చూసేవారికి చరిత్రలో ఒక పుట తక్కువవుతుంది.

6. క్రియేటివ్ కామన్స్ షరతులు:
క్రియేటివ్ కామన్స్ తొలి లైసెన్సులు 2002లో వెలువడ్డాయి. కర్త ముందుగానే షరతులతో అనుమతి ఇచ్చి ఉంచడం వీటి విశేషం. ప్రస్తుతం వాడుకలో ఉన్న ఆరు ప్రధాన లైసెన్సులలోనూ కర్త పేరు పేర్కొనడం తప్పనిసరి. వాణిజ్య వినియోగ నిషేధం, మార్పుల నిషేధం, మార్చిన కృతిని అదే లైసెన్సుతో పంచాలన్న నియమం లైసెన్సును బట్టి చేరుతాయి. వీటిలో పేరే షరతు కనుక, పేరు చెప్పకపోతే అనుమతి కూడా రద్దవుతుంది. 4.0 రూపంలో, పొరపాటు తెలిసిన 30 రోజులలోగా సరిదిద్దుకుంటే అనుమతి తిరిగి లభిస్తుంది.

7. ప్రస్తావన స్వరూపం:
మంచి ప్రస్తావనలో చిత్రం పేరు, కర్త పేరు, తీసుకున్న చోటు, లైసెన్సు లేదా అనుమతి వివరం, చేసిన మార్పులు ఉండాలి. ఛాయాచిత్రంలో మరొకరి కృతి కనిపిస్తున్నప్పుడు ఇద్దరినీ పేర్కొనాలి. లేపాక్షి కుడ్యచిత్రం ఫోటోకు ఇలా రాయవచ్చు:

“కుడ్యచిత్రం, వీరభద్రాలయం, లేపాక్షి, 16వ శతాబ్ది. ఛాయాచిత్రం: (తీసినవారి పేరు). మూలం: వికీమీడియా కామన్స్ (పుట లంకె). లైసెన్సు: సీసీ బై-ఎస్ఏ 4.0. అంచులు కత్తిరించడమైనది.”

ఇది చిత్రం కిందనే ఉండడం మేలు. గూగుల్ చిత్రాలను వెతికిపెట్టే సాధనమే తప్ప వాటికి కర్త కాదు. గ్రంథాలయ బీరువాను గ్రంథకర్త అనలేము కదా. చిత్రంతోనే వెతికే సదుపాయం ద్వారా వెనక్కి వెళితే తరచుగా తొలి ప్రచురణ దొరుకుతుంది. దొరకనప్పుడు ‘కర్త తెలియదు’ అని తోచినట్టు రాసి వాడుకోవడం కంటే ఆ బొమ్మను విడిచి, షరతులు స్పష్టంగా ఉన్న మరొకదానిని ఎంచుకోవడం ఉత్తమం.

ముగింపు:
అనుమతి హక్కుదారుకు చెందిన విషయం. పేరు కర్తకు, పాఠకునికి కూడా చెందిన విషయం. అనుమతి ఉన్నా పేరు చెప్పాలి; పేరు చెప్పినా, అవసరమైన చోట అనుమతి పొందాలి. అభిరుచితో రాసేవారికి సంపాదకుడు లేడు, న్యాయసలహాదారు లేడు. ఆ జాగ్రత్త తామే వహించాలి. ఒక్క పంక్తి ప్రస్తావన రచయితకు పెద్ద శ్రమ కాదు. మూలన ఉన్న సంతకం నిలవాలా చెరగాలా అన్నది మాత్రం ఆ ఒక్క పంక్తి మీద ఆధారపడి ఉంటుంది.