టైప్: ఆదేశం ఏ రకమో చెప్పే ఆదేశం

లినక్స్ టెర్మినల్‌లో కొట్టే ఆదేశాలన్నీ చూడటానికి ఒకేలా ఉన్నా, ఒకే చోటి నుంచి రావు. కొన్ని డిస్కు మీద ఉండే విడి ప్రోగ్రాములు. కొన్ని, మనం కొట్టిన ఆదేశాలను చదివి నడిపే షెల్‌లోనే కలిసి ఉంటాయి. కొన్ని వాడేవారు పెట్టుకున్న మారుపేర్లు. ఏది ఏ రకమో చెప్పేది ‘టైప్’.

ఈ తేడా లినక్స్ అనుసరించే యూనిక్స్ తొలినాళ్లలోనే పుట్టింది. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ పీడీపీ-7 మీద యూనిక్స్ రూపొందిస్తూ, ప్రతి ఆదేశానికీ కొత్త ప్రాసెస్‌ను (విడిగా నడిచే ప్రోగ్రామును) పుట్టించే ‘ఫోర్క్’ పద్ధతి తెచ్చారు. దాంతో డైరెక్టరీ మార్చే ఆదేశం పనిచేయడం మానేసింది. కొత్త ప్రాసెస్ తన డైరెక్టరీని మార్చుకొని వెంటనే ముగిసిపోయేది. దాన్ని పుట్టించిన షెల్ మాత్రం ఉన్నచోటే ఉండేది. పిల్ల ప్రాసెస్ తల్లి ప్రాసెస్ స్థితిని మార్చలేదు. అందుకే ఆ పనిని షెల్ లోపలికే తెచ్చారు. ఇప్పటి ‘సీడీ’ కూడా అంతే: ‘సీడీ నాగర్‌కర్నూల్’ అని కొడితే ఆ పేరున్న ఫోల్డర్‌లోకి వెళ్లేది షెల్లే.

1971 నాటి థాంప్సన్ షెల్‌లో ‘ఇఫ్’, ‘గోటూ’ కూడా విడి ప్రోగ్రాములే. షెల్‌తో ఉమ్మడిగా తెరచి ఉన్న స్క్రిప్టు ఫైల్లో చదివే స్థానాన్ని జరిపి ‘గోటూ’ పని జరిపించేది. ఆ ఉపాయం ఇప్పటికీ అబ్బురమే. 1979లో స్టీఫెన్ బోర్న్ షెల్ ‘ఇఫ్’ను వ్యాకరణంలో భాగం చేసింది. మారుపేర్లు బర్క్‌లీలో బిల్ జాయ్ రాసిన సీ షెల్ నుంచి వచ్చాయి. 1984లో యూనిక్స్ సిస్టమ్ ఫైవ్ రెండో విడుదలలో బోర్న్ షెల్‌కు ఫంక్షన్లు, వాటితోపాటే ‘టైప్’ వచ్చి చేరాయి.

లినక్స్‌లో ఎక్కువగా కనిపించే షెల్ అయిన బ్యాష్‌లో ‘టైప్ -టి’ అయిదింట్లో ఒక జవాబిస్తుంది: మారుపేరు, కీలకపదం, ఫంక్షన్, అంతర్గత ఆదేశం, ఫైలు. సాధారణంగా షెల్ వెతికే వరుస కూడా ఇదే. ఉబుంటులో ‘ఎల్ఎస్’ గురించి అడిగితే అది రంగులు చూపించే మారుపేరని తేలుతుంది. ‘టైప్ -ఎ ఎకో’ అంటే షెల్ లోపలి ఎకోనూ, డిస్కు మీది ఎకోనూ రెండింటినీ చూపిస్తుంది.

చాలామంది ఇందుకు ‘విచ్’ వాడతారు. బ్యాష్‌లో అది సరైన సాధనం కాదు. విచ్ విడి ప్రోగ్రాము కాబట్టి ప్రోగ్రాములను ఎక్కడ వెతకాలో చెప్పే పాత్ జాబితాలోని డైరెక్టరీలను మాత్రమే గాలిస్తుంది. షెల్ మనసులో ఉన్న మారుపేర్లు, ఫంక్షన్లు దానికి కనపడవు. సీడీని షెల్ లోపలికి రప్పించిన ప్రాసెస్ సరిహద్దే ఇక్కడా అడ్డం. టైప్ షెల్‌లోనే ఉంది గనుక అన్నీ చూడగలదు. వేర్వేరు షెల్‌లలో నడవాల్సిన స్క్రిప్టులకు యూనిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్‌లోని ‘కమాండ్ -వి’ మేలు.

రకం తెలిస్తే సహాయం ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది. బ్యాష్‌లో అంతర్గత ఆదేశానికీ, కీలకపదానికీ ‘హెల్ప్’. విడి ప్రోగ్రాముకు ‘మ్యాన్’.